చిన్నోడిని ఎట్లా కాపాడుకోవాల? (నాయన తాగుతాడు, అన్న సొల్యూషన్ పీలుస్తాండాడు)

పాతూరు_పెద్దమ్మ
మాది అనంతపురం పాతూరు. నా చెల్లెలికి ఇద్దరు మగపిల్లోళ్లు, పెద్దోనికి 14, చిన్నోనికి 9. మరిది ఆటో తోల్తాడు, పొద్దుగూకితే మందు, ఇది కొత్త సంగతేం కాదు, పెండ్లయినప్పటి నుంచి చూస్తానే ఉండాం. కొత్త సంగతి ఏందంటే పోయిన నెల పెద్దోని బ్యాగులో పంక్చర్ సొల్యూషన్ ట్యూబు, దాంట్లో తడిపిన గుడ్డపేలిక దొరికినాయి. స్కూలోళ్లు పిలిపించి టీసీ తీసుకొని పోండి అనిరి. వాన్ని పెద్దాసుపత్రిలో చూపిస్తాండాం, అది డాక్టరు చూసుకుంటాడులే. నా బాధంతా చిన్నోడు. వాడింకా ఏదీ ముట్టుకోలే, కానీ అన్న యాడికి పోతే ఆడికి తోక మాదిరి పోతాడు. మొన్న వాళ్ల నాయన ఖాళీ సీసాలో నీళ్లు పోసుకొని తాగి, తూలుకుంటా నడిచి, అచ్చం వాళ్ల నాయన గొంతుతో తిట్టి చూపించినాడు. అందరూ నవ్విరి, నేనూ నవ్వినా. రాత్రికి నిద్ర పట్టలే.

ముందే చేయదగింది ఏమన్నా ఉంటాదా, లేకుంటే వీని బ్యాగులో కూడా ట్యూబు దొరికేదాకా కాసుకోని ఉండాల్నా? "చిన్నపిల్లోడు వానికేం తెలుస్తాది" అనేటోళ్లు దయచేసి రాయొద్దు, ఆ మాట చెప్పేదానికి మా ఇంట్లోనే నలుగురుండారు.

తాడిపత్రి_నల్లబండ
ఇద్దరినీ నిలబెట్టి నాలుగు పీకితే సరిపోతాది. మా నాయన బెల్టు తీస్తే మేం ఆరుగురం గోడకు అతుక్కొని పోతాంటిమి. ఈ కాలంలో ముద్దు ఎక్కువైంది అంతే.

బొరుగుల_మిర్చి
@తాడిపత్రి_నల్లబండ మా నాయనా బెల్టు తీసేవాడే అన్నా. దాని పుణ్యాన నేను ఇంట్లో సిగరెట్ తాగను, మిద్దె మీదికి పోయి తాగుతా. పెంపకం అంటే అది

నైట్_డ్యూటీ_నర్సు
తాడిపత్రి అన్నా, మంచిదా చెడ్డదా అనేది తర్వాత, ముందు ప్రాణం మీదికొచ్చే మాట ఒకటి చెప్తా. సొల్యూషన్ పీల్చి మత్తులో ఉన్న పిల్లోన్ని తరమకూడదు, అరిచి అదరగొట్టకూడదు. దాంట్లో టొల్యూన్ లాంటివి ఉంటాయి, గుండె లయ తప్పుతాది, ఆ టైంలో భయపడి పరిగెత్తితే ఉన్నపాటున గుండె ఆగొచ్చు, మొదటిసారి పీల్చినోనికైనా సరే. మెల్లగా చేతిలోది తీసుకొని గాలాడే చోట కూర్చోబెట్టండి, తెలివి తప్పితే 108కి ఫోన్ చేయండి, తిట్లన్నీ తెల్లారినాక.

ఇంకోటి, అక్క చెప్పిన ట్యూబు ఎక్కడో ఒక ఇంట్లో జరిగే కథ కాదు. కేంద్రం ఎయిమ్స్ వాళ్లతో చేయించిన సర్వే 2019లో వచ్చింది. సారా, గంజాయి, ఏది తీసుకున్నా పెద్దోళ్లే ఎక్కువ, ఈ పీల్చేవాటిలో మాత్రం పిల్లోళ్లు పెద్దోళ్లను దాటినారు. 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.17 శాతం, పెద్దోళ్లలో 0.58.

కడప_కారందోశ
చిన్నోన్ని హాస్టల్లో వేయండి. ఆ ఇంట్లో నుంచి బయటపడితే సగం జబ్బు పోతాది. నేను సీరియస్‌గానే చెప్తాండా.

సీమ_టీచరు
హాస్టల్ మాట నేను ఒప్పుకోను. హాస్టలన్నీ చెడ్డవని కాదు, 9 ఏళ్ల పిల్లోనికి హాస్టల్ అంటే "అన్న తప్పు చేసినాడు, శిక్ష నాకు పడింది" అని అర్థమయితాది. పైగా చూసేవాళ్లు లేని హాస్టల్లో వానికి దొరికేది అన్న కాదు, పదిమంది అన్నలు.

నా తప్పు ఒకటి చెప్తా. కొన్నేండ్ల కింద మా స్కూల్లో గుట్కా తినే పిల్లోళ్లను ఏరి పదకొండు మందిని ఒక గదిలో కూర్చోబెట్టి శనివారం శనివారం క్లాసు చెప్పినాం, క్యాన్సర్ నోళ్ల ఫొటోలు చూపించినాం. రెండు నెల్లయ్యేసరికి ఆ పదకొండు మంది ఒక గ్యాంగు. అంతకుముందు ఒకరి మొగం ఒకరికి తెలీదు, మేమే పరిచయం చేసినాం! తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలో డిషియన్ అనే ఆయన 1990ల్లోనే ఈ మాట చెప్పినాడంట, దారి తప్పేటట్టున్న పిల్లోళ్లందరినీ ఒకచోట చేర్చి సరిదిద్దబోతే ఒకర్ని చూసి ఒకరు ఇంకా చెడతారని.

తాడిపత్రి_నల్లబండ
కొట్టొద్దు, హాస్టల్ వద్దు, క్లాసు వద్దు. ఇంక హారతి పట్టాల్నా?

ఆదోని_సుగ్గి
కారందోశ అన్న హాస్టల్ అన్నాడు కాబట్టి మా కథ చెప్తా. మా పక్క కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ఊర్లకు ఊర్లే సుగ్గికి పోతాయి, గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి. సంక్రాంతి అయితానే పోతే మళ్లా ఉగాదికో ఆ తర్వాతో వస్తారు. పిల్లోళ్లు జేజి (నాయనమ్మ) కాడ ఉంటారు, కొందరికి సీజనల్ హాస్టల్ దొరుకుతాది, కొందర్ని ఎంట తీసుకపోతారు. ఆ మూడు నెలల్లోనే అన్నీ నేర్చుకునేది. ఇంట్లో అడిగేటోళ్లు ఉండరు, వారం వారం నాయన ఫోన్లో వేసే డబ్బు చేతిలో ఉంటాది, బార్డర్ ఈడనే కాబట్టి కర్ణాటక ప్యాకెట్లకు కొదవ లేదు. నేను పన్నెండేండ్లకు ఖైనీ మొదలుపెట్టింది అట్లనే. జేజికి కండ్లు కనపడవు, పొద్దున "తిన్యావా" అంటే తిన్యా అంటాంటి, ఆమె అడిగింది బువ్వ గురించి, నేను చెప్పింది ఖైనీ గురించి.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టినాం. నా పెండ్లాం సుగ్గికి పోతే నేను ఉంటా, నేను పోతే ఆమె ఉంటాది, ఇద్దరం ఒకేసారి పోం. కూలి సగం పోతాది. పోనీ.

గుంతకల్_జంక్షన్
@ఆదోని_సుగ్గి "తిన్యావా" కాడ నవ్వొచ్చింది, మళ్లీ ఏడుపు కూడా వచ్చింది

నైట్_డ్యూటీ_నర్సు
అక్కా నీ ప్రశ్నకి వస్తా, కొంచెం పొడుగు అయితాది.

తాగేవాళ్ల పిల్లలకు ఈ ప్రమాదం మిగతా పిల్లల కంటే ఎక్కువ, కొంత రక్తంలో వస్తాది, కొంత ఇంటి నుంచి వస్తాది. రక్తంలోదాన్ని మనమేం చేయలేం. ఇంటిదాన్ని పట్టుకొని పనిచేసిన వాళ్లుండారు. యూటా యూనివర్సిటీలో కెరల్ కంఫర్ అనే ఆమె 1980ల మొదట్లో మత్తుకు వైద్యం తీసుకునే తల్లిదండ్రుల పిల్లోళ్ల కోసమే ఒక కార్యక్రమం తయారు చేసింది. 14 వారాలు, వారానికొకసారి. మొదటి గంట పెద్దోళ్లు ఒక గదిలో, పిల్లోళ్లు ఇంకో గదిలో, రెండో గంట అందరూ ఒకే గదిలో కలిసి. అన్నం కూడా ఆడనే, వండిపెట్టకుంటే ఎవరొస్తారు చెప్పు. తర్వాత అయోవాలో 10–14 ఏళ్ల పిల్లోళ్ల కోసం దాన్నే 7 వారాలకు కుదించినారు.

నాకు నచ్చింది వాళ్లు పరీక్షించిన తీరు. పెద్దోళ్లకు మాత్రమే నేర్పితే ఎట్లుంది, దాంతోపాటు పిల్లోళ్లకు విడిగా నేర్పితే ఎట్లుంది, ఇద్దరికీ నేర్పి మళ్లా కలిపి కూర్చోబెడితే ఎట్లుంది, ఏదీ చేయకుంటే ఎట్లుంది అని పోల్చి చూసినారు. కలిపి కూర్చోబెట్టిందే గెలిచింది. ఆ గదిలో చెప్పేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రోజుకు పావుగంట పిల్లోడు చెప్పిన ఆట పెద్దోళ్లు ఆడాల, మధ్యలో తప్పులు దిద్దకూడదు. మంచి పని చేస్తే ఆ పని పేరు చెప్పి మెచ్చుకోవాల, ఊరికే "మంచోడు" అనడం కాదు, "చెప్పకుండానే చెప్పులు సర్దినావు" అనాల. ఇంటికి రెండు మూడు కట్టుబాట్లు ఉండాల, తప్పితే ఏమయితాదో ముందే తెలిసుండాల, అది చిన్నదై ఉండాల, అన్నమాట ప్రకారం జరగాల. యాడ ఉండావు, ఎవరితో ఉండావు, ఎన్నింటికొస్తావు అనేది రోజూ అడగాల, పోలీసు మాదిరి కాదు, అమ్మ మాదిరి.

తాడిపత్రి_నల్లబండ
అమెరికా మాటలు పాతూరులో పనిచేస్తాయా మేడం. ఆడ నాయన కారులో వచ్చి కూర్చుంటాడు, ఈడ నాయన కాలవ పక్కన పడుంటాడు.

నైట్_డ్యూటీ_నర్సు
ఐక్యరాజ్యసమితి మత్తుపదార్థాల విభాగం వాళ్లు ఇదే దారిలో ఇంకా చిన్నది ఒకటి చేసినారు, మూడు వారాలే, అది అఫ్ఘనిస్తాన్‌లో కూడా నడిపినారు అన్నా. పాతూరు అంతకంటే అధ్వాన్నమా? నాయనే రావాలని లేదు, పిల్లోన్ని ఎవరు సాకుతాంటే వాళ్లు. జేజి అయినా సరే, పెద్దమ్మ అయినా సరే.

ధర్మవరం_మగ్గం
ఇంతసేపు పిల్లోళ్ల గురించే మాట్లాడుతాండారు, అసలు రోగి నాయన కదా. మందు మాన్పించే పొడి దొరుకుతాది, సాంబార్లో కలిపి పెట్టేయమనండి మీ చెల్లెల్ని, రుచి కూడా తెలీదు. మా వీధిలో ఒకామె చేసింది.

నైట్_డ్యూటీ_నర్సు
వద్దు వద్దు వద్దు. అది లోపల ఉండగా మందు తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, మా వార్డుకు వచ్చినారు అట్లా, భార్యకు ఏం చెప్పాలో తెలీక గుమ్మం కాడ నిలబడి ఉంటాది పాపం. మందు మాన్పించే మాత్ర ఏదైనా డాక్టరు రాసి, మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇవ్వాల. ఇంకోటి కూడా రాసుకోండి, ఏండ్ల తరబడి రోజూ తాగేటోడు రేపట్నుంచి మానేస్తా అని ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావొచ్చు, మతి చలించొచ్చు. మానేది ఆసుపత్రి చూపులో ఉండి మానాల.

కడప_కారందోశ
మాల వేయించండి మరి. మా మామ అయ్యప్ప మాల వేస్తే 41 దినాలు చుక్క ముట్టడు. శబరిమల నుంచి రైలు దిగినాక ఏం చేస్తాడో అడగొద్దు.

బొరుగుల_మిర్చి
రైలు దిగేదాకా ఆగుతాడా

రాయదుర్గం_గాలి
మా పక్క బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడి ఉంది, మందు మానేకే మాల వేసుకుంటారు ఆడ. మా చిన్నాయన వేసుకున్యాడు, నాలుగేండ్లయింది, ఇంతవరకు ముట్టలే. అందరికీ అట్లే అయితాదని చెప్పను, మా చిన్నాయనతో పాటు వేసుకున్న ఇంకొకాయన మూడో నెలకే మళ్లా షాపు కాడ కనపడినాడు. తేడా ఏందంటే మా చిన్నమ్మ ఆ మాల దినాల్లో ఊరికే ఉండలే. సాయంత్రం ఏడుకు ఇంట్లో దీపం, ఏడున్నరకు అందరికీ ఒకేసారి సంగటి, ఇది పెట్టింది. మాల తీసినాక కూడా ఆ ఏడున్నర తీయలే. షాపుకు పోయే టైం కూడా అదే కదా.

గుంతకల్_జంక్షన్
నేను తాగేటోని కొడుకుని. ఇద్దరం అన్నదమ్ములం. నేను తప్పించుకున్యా, తమ్ముడు తప్పించుకోలే. ఒకే ఇల్లు, ఒకే నాయన, ఒకే దెబ్బలు. ఎందుకు అట్లా అని ఇరవై ఏండ్లుగా ఆలోచిస్తాండా.

నాకు గుర్తున్నది ఒకటి. మా ఇంటికి రెండిండ్ల అవతల రైల్వేలో పనిచేసే ఒకాయన, అబ్బా అని పిలుస్తాంటి, ఆయన డ్యూటీ దిగి వచ్చి రోజూ నన్ను పులిజూదానికి కూర్చోబెట్టుకునేటోడు. మా నాయన గురించి ఒక్కనాడు అడగలే. ఒకసారి మాత్రం నాయన రోడ్డు మీద పడిపోతే అందరూ చూస్తాండారు, నేను సిగ్గుతో చచ్చిపోతాండా, ఆయన వచ్చి నా చెవిలో "నీ వల్ల కాదురా ఇది" అని, నాయన చేయి ఒక పక్క ఆయన పట్టుకొని ఇంకో పక్క నన్ను పట్టుకోమన్యాడు. అప్పటిదాకా నా వల్లే అనుకుంటాంటి, మార్కులు తక్కువ వచ్చినందుకే తాగుతాండాడని అమ్మ కోపంలో ఎప్పుడో అనిండె. తమ్ముడు అప్పటికి చిన్నోడు, పులిజూదం ఆడే వయసు కాదు, వాడు పెద్దయ్యేసరికి ఆయనకు ట్రాన్స్ఫర్ అయిపాయె.

పెద్దమ్మా, ఆ చిన్నోనికి ఎవరన్నా ఈ మాట చెప్పినారా? నాయన తాగేది వాని వల్ల కాదని?

పాతూరు_పెద్దమ్మ
చెప్పలే. మాకెవరికీ తట్టలే కూడా.

పంక్చర్_కాదర్
మాది పంక్చర్ షాపు, కర్నూలు. ఈడ రాసిందంతా చదివి నా సంగతి చెప్పాల్సి వచ్చింది. పిల్లోళ్లు వచ్చి "అన్నా సైకిల్ ట్యూబుకి సొల్యూషన్" అని అడుగుతారు, సైకిల్ యాడ అంటే ఇంట్లో అంటారు. ముందు ఇచ్చేటోన్ని, పదిరూపాయల బేరం ఎవరొద్దంటారు. ఒకరోజు మా తమ్ముని కొడుకే వచ్చినాడు, మా ఇంట్లో సైకిలే లేదు. అప్పట్నుంచి సైకిల్ తెస్తే నేనే అతికిస్తా, ట్యూబు చేతికియ్యను. పక్క షాపోడు ఇస్తాడు, నాకు తెలుసు. వానితో రెండుసార్లు గొడవయింది.

సీమ_టీచరు
@పంక్చర్_కాదర్ అన్నా చానా మంచి పని చేసినావు. పక్క షాపాయనకు ఒక ముక్క చెప్పు, బాలల న్యాయ చట్టం 2015లో 77వ సెక్షన్ ఉంది, పిల్లోళ్లకు మత్తుపదార్థం, మందు, పొగాకు ఇస్తే 7 ఏండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. సిగరెట్టు గుట్కాలయితే స్కూలుకు 100 గజాల లోపల అసలు అమ్మనేకూడదు, 18 లోపు వాళ్లకు యాడా అమ్మకూడదు. మా స్కూలు గేటు కాడ 100 గజాలు కొలిస్తే మూడు బంకులొచ్చినాయి, ఒక బంకు ఓనరు మా పేరెంట్స్ కమిటీలో ఉండాడు, ఏం చేస్తాం.

బొరుగుల_మిర్చి
టేపు మీద కూడా రాజకీయమే మన సీమలో

పేరు_వద్దు
రాయాల్నా వద్దా అని మూడు దినాలు చూసినా. నేను ఆ మరిది లాంటోన్నే. ఊరు వేరే, ఆటో కాదు లారీ.

మా పాపకు 8. నేను గేటు తీసే చప్పుడు వినపడితే చాలు చెంబులో నీళ్లు, గ్లాసు, శనక్కాయలు అన్నీ తెచ్చి పెడ్తాది, ఎవరూ చెప్పలే, నేర్చుకుంది. ఎంత నీళ్లు పోయాల్నో కూడా తెలుసు దానికి. నేను మా వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్యా, నా బిడ్డ ఎంత ప్రేమ చూడండి అని. పెద్దమ్మ రాసిన సీసాలో నీళ్ల కథ చదివినాక ఆ గ్లాసు గుర్తుకొచ్చింది. ఆ రాత్రి పాపను గ్లాసు తేవద్దంటే ఏడ్చింది, "నేనేం తప్పు చేసినా నాయనా" అని.

మానలే. అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు ఇంట్లో తాగడం లేదు, పాపను షాపుకు పంపడం లేదు. తాగొచ్చిన రోజు పాప కాడికి పోను, ముందు గదిలో పండుకుంటా.

ధర్మవరం_మగ్గం
బయట తాగితే పుణ్యమా? తాగేది తాగుతూనే ఉండావు కదా.

గుంతకల్_జంక్షన్
@ధర్మవరం_మగ్గం మా నాయన ఒక్క రోజు అట్లా ముందు గదిలో పండుకోని ఉంటే బాగుండు అన్నా. తాగడమే ఒక్కటే కాదు, తాగి ఎవరి కాడికి వస్తాడనేది కూడా.

నైట్_డ్యూటీ_నర్సు
@పేరు_వద్దు తమ్ముడూ, 14446కి ఫోన్ చెయ్, మత్తు మానాలనుకునే వాళ్ల కోసం కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు పడదు. మనసు బాగలేకపోతే 14416. ఏండ్ల తరబడి తాగినోనివి కాబట్టి నేను పైన రాసింది మళ్లీ చదువు, సొంతంగా ఒక్కసారే ఆపొద్దు. పాపకు ఒక మాట చెప్పు, "నువ్వేం తప్పు చేయలే, గ్లాసు నాయన పని" అని.

గంజాయి అమ్మేటోళ్ల గురించి చెప్పాలంటే మన రాష్ట్రంలో ఈగల్ (గంజాయి, డ్రగ్స్ పట్టుకునే పోలీసు విభాగం) వాళ్ల నంబరు 1972. పిల్లోళ్లకు ఏ ఆపదైనా 1098.

పాతూరు_పెద్దమ్మ
అందరూ రాసినవి మా చెల్లెలికి చదివి వినిపించినా. ఏడ్చింది, తర్వాత నన్నే తిట్టింది, ఇంటి పరువు ఊరంతా పెట్టినావని. పేర్లు లేవు కదే అంటే "పాతూరు అని ఉంది కదా" అనింది. పాతూరులో తాగే ఆటోవాడు ఒక్కడే ఉన్నట్టు.

14 వారాలు మాకు నడిపేటోళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆదివారం ఆదివారం మా ఇంట్లో మధ్యాహ్నం అందరం కలిసి తినడం, తర్వాత గంట ఆట, ఇంతవరకు అనుకున్యాం. ఇంకేమన్నా ఉంటే చెప్పండి.

రాయదుర్గం_గాలి
కట్టుబాటు పిల్లోళ్లతోనే పెట్టించు అక్కా. పెద్దోళ్లు పెడితే మన మాట, వాళ్లు పెడితే వాళ్ల మాట.

సీమ_టీచరు
పెద్దోన్ని కూడా కూర్చోబెట్టండి, దోషి మాదిరి పక్కన పెట్టొద్దు. చిన్నోనికి హీరో వాడే. అన్నను మీరు ఎట్లా చూస్తారో వాడు గమనిస్తాంటాడు.

ఆదోని_సుగ్గి
ఆదివారం కూర ఏందో కూడా రాయి అక్కా, అది తెలిస్తే మేమూ వస్తాం

పాతూరు_పెద్దమ్మ
మూడు ఆదివారాలయినాయి, చెప్తా.

మొదటి వారం మరిది రాలే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసినా. ఆట ఏందో చిన్నోన్నే అడిగితే బారాకట్ట అన్యాడు, ముగ్గుపిండితో గీసినాం. కట్టుబాటు పెట్టమంటే పెద్దోడు మాట్లాడలే, చిన్నోడు చెప్పినాడు, "తాగొచ్చినోళ్లు ఆటకు కూర్చోగూడదు." మా చెల్లెలు తల వంచుకుంది. నేను సరే అన్యా.

రెండో వారం మరిది వచ్చినాడు, వాసనతో. కూర్చోబోతాంటే చిన్నోడు లేచి నిలబడినాడు, నోరు రాలే వానికి, నా వైపు చూసినాడు. నేనే చెప్పినా, కట్టుబాటు ఇదీ అని. గిన్నె తన్నిపోయినాడు మరిది, సంగటంతా నేల పాలు. సాయంత్రం చిన్నోడు "నా వల్లే నాయన పోయినాడు" అన్యాడు. గుంతకల్ తమ్ముడూ, నీ మాట అప్పుడు చెప్పినా వానికి. వాడు ఏమీ అనలే, కానీ నా ఒళ్లో చానాసేపు పండుకున్యాడు.

మూడో వారం అంటే నిన్న, మరిది పదకొండుకే వచ్చినాడు, ఆటో కడిగి, తలస్నానం చేసి. చేతులు వణుకుతాండాయి, గవ్వలు కింద పడేసుకుంటాండాడు, పెద్దోడే ఏరి ఇస్తాండాడు. ఒక్క ఆట ఆడినాడు, ఓడిపోయినాడు, లేచి పోయినాడు. రాత్రికి మామూలే, తాగినాడు. ఆ వణుకు చూసినాక నర్సమ్మ చెప్పిన ఫిట్స్ మాట మా చెల్లెలికి చెప్పినా, బుధవారం పెద్దోని చెకప్‌కి పోయేటప్పుడు మరిదిని కూడా ఆటో తోల్కొని రమ్మనాల అనుకుంటాండాం, డాక్టరు కాడికి అని చెప్పం, పెద్దోన్ని దింపేకి అని చెప్తాం.

నైట్_డ్యూటీ_నర్సు
దింపేకి అనే చెప్పు, కానీ ఆడికి పోయినాక అబద్ధం ఆడొద్దు అక్కా. గేటు కాడే చెప్పేయ్. వెనక్కి తిరిగిపోయినా పర్వాలేదు.

పాతూరు_పెద్దమ్మ
సరే.

బొరుగుల_మిర్చి
ఇంతకీ మరిదిని ఓడించింది ఎవరు అక్కా

పాతూరు_పెద్దమ్మ
చిన్నోడే. దొంగాట ఆడినాడు, నేను చూసినా, మరిదీ చూసినాడు, ఇద్దరం గమ్మున ఉన్యాం.